దొరసాని పోయిన ఇల్లు

ముద్ద కలిపి, అలవాటు ప్రకారం కంచం అంచున పక్కకు పెట్టాడు భోజన్న. పెట్టాక గాని గుర్తు రాలేదు, ఆ ముద్ద తినే దొరసాని ఇప్పుడు ఇంట్లో లేదని. గ్లాసెడు నీళ్లు కంచంలోనే పోసి చెయ్యి కడిగేసుకున్నాడు.

"గిదేందయ్యా! అన్నం మీద అలుగుతరా ఎవలన్న?" అంది భార్య గంగమణి.

"అలిగిందెవలు? ఆకలైతలేదు."

"నిన్న గిదే మాట. మొన్న గిదే మాట."

"రేపు గూడ గిదే అంట. ఆ కంచం తియ్యి."

గంగమణి తియ్యలేదు. మొగుడి ముఖం చూస్తూ అట్లాగే కూర్చుంది.

దొరసాని అంటే ఏ దొరల గడీలోనో పుట్టిన మనిషి అనుకునేరు. పిల్లి. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలున్న పిల్లి. ఒక వానాకాలం పశువుల కొట్టంలో తల్లి వదిలేసిపోతే, భోజన్నే గుడ్డ వత్తితో పాలు పట్టి బతికించాడు. పెద్దయ్యాక అది పసుపు రాశి మీద తప్ప పడుకోనంది, గోరువెచ్చటి పాలు తప్ప ముట్టనంది. "ఏ దొరసానో మనింట్ల పుట్టింది" అని ఆ పేరు పెట్టింది కూడా అతనే. పొలంలో కూలీల మీద ఊరంతా వినపడేలా కేకలేసే మనిషి, ఇంటికొచ్చి ఆ పిల్లి ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాడు.

మనవడికి దమ్ము లేవడం, ఊపిరాడక ఆయాసపడడం మొదలయ్యాక నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించారు. ఇంట్లో పిల్లి ఉందా అని అడిగాడాయన. ఉందన్నారు. దాని బొచ్చు పిల్లవాడికి పడకపోవచ్చు, దూరంగా ఉంచమన్నాడు. కొడుకు రాజారాం దాన్ని గోనెసంచిలో వేసి, రైలెక్కి బోధన్ తీసుకుపోయి, ఏటా ఊరికొచ్చి గిన్నెలకు కలాయి వేసే నూరుల్లా ఇంట్లో దింపి వచ్చాడు. దారి చూసిన పిల్లి తిరిగొస్తుందంటారు కనుక సంచిలో వేయాల్సి వచ్చింది. ముద్ద పెట్టిన చెయ్యి ఆ సంచి మూతి కట్టకూడదంటారు కనుక రాజారాం కట్టాల్సి వచ్చింది. భోజన్న ఆ పొద్దు చీకటితోనే పొలానికి పోయి, దీపాలు పెట్టాక వచ్చాడు.

మనిషి పోతే పరామర్శించడానికి ఊరంతా వస్తుంది. పిల్లిని పంపేసి ఏడిస్తే అదే ఊరు నవ్వడానికి వస్తుంది. ఆ సంగతి తెలుసు కనుక భోజన్న ఏడవలేదు. అన్నం మానేశాడు, అంతే.

కోడలు గోదావరి అర్ర తలుపు వెనక పిల్లవాణ్ణి భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట పడదు, మామతో మాట కలపదు. ఏదున్నా అత్త నోటి మీదుగా నడవాల్సిందే.

"పిల్లిని తోలి పక్షం దాటింది. పోరని దమ్ము తగ్గిందా?" తలుపు వైపు చూస్తూ భార్యను అడిగాడు భోజన్న.

"తగ్గిందా అని అడుగుతుండు," గంగమణి తలుపుకు చెప్పింది.

"తగ్గలే అత్తా."

"తగ్గలేదట."

"ఇనవడ్డది. నాకు చెవులున్నయ్."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు అత్తాకోడళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లే.

"తగ్గనప్పుడు దాన్ని ఎందుకు తోలినట్టు?"

 ఊపిరి తీసినప్పుడల్లా పిల్లవాడి గొంతులో సన్నటి ఈల వినిపిస్తోంది.

"పోనీ, పీడ పోయింది," అన్నాడు మళ్లీ తనే. "పాలు తాగుడు, పండుడు. ఇంకేం పని దానికి? ఒక్క ఎలుకనన్న పట్టిందా ఎన్నడన్న? మంచిగైంది పోయి."

"మరి గా ముద్ద ఎవలి కోసం పెట్టినవ్?"

భోజన్న లేచి తువ్వాలు దులిపాడు. దర్వాజ దాకా పోయి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "డాక్టర్ కాడ పిల్లి ఉందని నోరు తెరిసింది నీ కోడలే గదా. ఇప్పుడన్న దాని కడుపు సల్లగైందా అడుగు."

గంగమణి ఆ మాటను తలుపు దాకా మోయలేదు. మోయాల్సిన పని లేదు, గోదావరికీ చెవులున్నాయి.

పిల్లి మీద ఆమెకు మాత్రం ఏం పగ? ఆ రోజు రాజారాం సంచి ఎత్తుకుంటుంటే లోపలి నుంచి వచ్చిన అరుపు ఆమెను ఇంకా నిద్రపోనివ్వడం లేదు. కాని ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలి? బిడ్డ కోసం పంపించారు కనుక బిడ్డ తల్లి సంతోషంగానే ఉండి ఉంటుందని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. అట్లా తీర్మానించే ముందు ఆమెను ఒక్కరూ అడగలేదు.

* * *

మర్నాడు వాకిట్లో పసుపు మెరుగు పెట్టడం మొదలైంది.

ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములను జాలీ డ్రమ్ములో పోసి, ఇద్దరు కూలీలు చెరోవైపు పట్టి తిప్పుతుంటే, పై పొట్టు రాలి పొడిగా లేస్తుంది. గోడలు, గొడ్ల కొమ్ములు, మనుషుల కనురెప్పలు అన్నీ పచ్చబడతాయి. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ విదిలించుకోరు. ఒంటి మీద పడితే మంచిదంటారు. తాగే నీళ్లలో పడితే అట్లాగే తాగేస్తారు. మెరుగు పెట్టినదాన్ని బస్తాలకెత్తి, మంచి ధర వచ్చేదాకా నడింట్లోనే పేరుస్తారు. ఆ ధర కోసమే రాజారాం వారం నుంచి నిజామాబాద్ గంజ్ మార్కెట్ చుట్టూ తిరుగుతున్నాడు.

మధ్యాహ్నానికి పిల్లవాడికి దమ్ము లేచింది. పక్కటెముకల సందులు లోపలికి పోతున్నాయి. ఏడుద్దామన్నా వాడికి గాలి చాలడం లేదు.

గంగమణి పొయ్యిలోంచి నిప్పు తెచ్చి, దాని మీద పసుపు కొమ్ము కాల్చింది. జలుబుకైనా దగ్గుకైనా ఆమెకు తెలిసిన మందు అదే. ఆమె తల్లికీ అదే మందు తెలుసు.

"వాని ముక్కు గిటు పట్టు బిడ్డా. పొగ లోపటికి పోతే దమ్ము జారుతది."

గోదావరి పిల్లవాడి ముఖాన్ని ఆ పొగ మీదికి వంచింది. పొగ తగలగానే పిల్లవాడు ఒళ్లంతా కర్రలా బిగదీశాడు. పెదవులు నీలంగా మారాయి.

గోదావరి అత్త చేతిని తోసేసింది. నిప్పు కింద పడింది. నెత్తి మీద కొంగు కూడా లేకుండా పిల్లవాణ్ణి గుండెకు కరుచుకుని, కూలీల మధ్య నుంచి, అరుగు మీద కూర్చున్న మామ ముందు నుంచి పరుగెత్తింది.

"ఏడికే? ఓ గోదావరీ!" గంగమణి అరుస్తూనే ఉంది.

ఇళ్ల వెనక వరి మళ్లు. గట్టు మీద కూర్చుని ఆమె పిల్లవాడి వీపు నిమురుతూ పోయింది. తడి మట్టి మీంచి చల్లటి గాలి వస్తోంది. కొంతసేపటికి వాడి ఛాతీ నెమ్మదించింది. ఇంకొంతసేపటికి ఈల ఆగింది. వాడు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయాడు. అట్లా నిద్రపోయి ఎన్ని రోజులైందో!

వాడి తెల్ల చొక్కా వీపు మీద ఆమె అరచెయ్యి అచ్చు పచ్చగా పడి ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది గోదావరి.

డాక్టరు ఇంకో ప్రశ్న కూడా అడిగాడు ఆ రోజు. "ఇంట్లో దుమ్మూ ధూళీ ఎక్కువగా ఉంటుందా అమ్మా?" అని. అత్తకు పౌరుషం వచ్చింది. "మా ఇంట్ల దుమ్మేంది డాక్టర్ సాబ్? రెండు పూటల ఊడ్సి పేడనీళ్లతోటి సాన్పి సల్లుతం," అంది. గోదావరి కూడా అవునని తల ఊపింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. పసుపును దుమ్ము అనుకోవచ్చునన్న ఊహ ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకూ రాదు, మెట్టినవాళ్లకూ రాదు. అందుకని ఆయన చేతికి దొరికింది పిల్లి ఒక్కటే.

ఆమె తన అరచెయ్యిని చీరకు గట్టిగా తుడుచుకుంది.

పొద్దు వాలాక ఇంటికొచ్చింది. అర్రలోకి పోలేదు. అరుగు ముందు ఆగింది.

"మామా."

భోజన్న ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. ఆ గొంతు తనను పిలవడం అతను ఎన్నడూ వినలేదు.

"పిల్లిది కాదు మామా తప్పు. పసుపుది."

గంగమణి గబగబా లెంపలేసుకుంది. "శివశివ! నోరు కడుక్కోయే. పసుపును గట్లంటరా?"

"ఏమన్నవ్?" అన్నాడు భోజన్న.

"మడి కాడ పోరడు మంచిగ ఊపిరి తీసిండు. నిద్రపోయిండు. వాకిట్ల అడుగు వెట్టంగనే మళ్ల దమ్ము లేసింది, ఇగో ఇనుండ్రి. గా డ్రమ్ము తిప్పిన దినమే గింత గట్టిగ లేసింది. డాక్టర్ దుమ్ముందా అంటే మేం లేదన్నం. ఇది దుమ్ము కాకపోతే ఏంది మామా?"

"మా తాత చేసిన పంట. మా బాపు చేసిన పంట," భోజన్న గొంతు లేచింది. కూలీలు డ్రమ్ము ఆపేశారు. "పుడితే పసుపు, పెండ్లికి పసుపు, సస్తే పసుపు. గా పసుపు నా మనుమన్ని సంపుతుందంటవా? నా ఇంట్ల నిలవడి అంటవా?"

"అంటున్న."



భోజన్న అరుగు మీంచి లేచాడు. ఈసారి గొంతు సన్నగా వచ్చింది.

"అయితే దొరసాని..."

"దాంది ఏ తప్పు లేకుండె మామా."

అతను తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కొట్టం వైపు వెళ్లిపోయాడు. పంపేసిన దుఃఖాన్ని ఎట్లాగో మింగుతూ వచ్చాడు ఇన్నాళ్లు. తప్పు లేనిదాన్ని పంపేశామన్న దుఃఖం మింగుడు పడేది కాదు.

* * *

పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన ధోతి కట్టి, మూత ఉన్న వెదురు బుట్ట చేతికి తీసుకున్నాడు భోజన్న.

"ఏడికి?" అంది గంగమణి.

"బోధన్‌ల పనుంది."

"బుట్ట ఏంటికి?"

"బెల్లం తెస్త."

"ఇంట్ల ఉంది గదా బెల్లం."

"ఇంకింత తెస్త. నీకేమన్న బరువా?"

వాకిట్లో డ్రమ్ము మళ్లీ తిరగడం మొదలైంది. ఆపమని అతను చెప్పలేదు. కోడలు చెప్పిన మాటలో పిల్లి తప్పు లేదన్న సగమే అతని చెవికెక్కింది. రెండో సగం వినడానికి ఇష్టం లేక వదిలేశాడు. మనుషులం మనమంతా ఇంతే, మనకు పనికొచ్చే సగమే నిజమనుకుంటాం. గోదావరి మాత్రం తలుపు సందులోంచి తిరుగుతున్న డ్రమ్మును చూసింది, బుట్టతో పోతున్న మామను చూసింది. చూసి, లోపలికి పోయి పెట్టె తెరిచింది.

జానకంపేట దాటాక రైలుకు రెండు వైపులా చెరుకే. బోధన్‌లో దిగితే, ఫ్యాక్టరీ దాకా చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఊరంతా కాగుతున్న రసం వాసన. భోజన్న నూరుల్లా ఉండే గల్లీ పట్టుకున్నాడు. శుక్రవారం కావడంతో నూరుల్లా జుమ్మా నమాజుకు పోయాడు. ఇంట్లో అతని తల్లి మహబూబీ ఒక్కతే ఉంది. తల పండిపోయిన మనిషి, గొంతు మాత్రం కంచు.

"ఆవో బేటా, కూసో," అంది. యాభై దాటిన భోజన్నను బేటా అని పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

నవారు మంచం మీద, ఆమె పక్కలోనే ఉంది దొరసాని. కళ్లు మూసుకుని ఉంది. భోజన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీ బిల్లి నా జాన్ తింటుంది సూడు," ముసలామె మొదలుపెట్టింది. "వచ్చినప్పుడు బియ్యం గుమ్మి ఎనక దూరి ముద్ద ముట్టలే, నీళ్లు ముట్టలే. ఒకటే ఏడుపు. నూరుల్లా పండుకున్నా నాకు నిద్ర రాదాయె. గుమ్మి కాడనే సాప ఏస్కొని నేను గూడ కూసున్న. తుదకు నా ఏలు నాకింది. అప్పటి సంది సూడు, నా పరుపు నాది కాదు, నా పాలు నావి కావు. మల్కా, మహరాణీ అని పిలిస్తే గాని లెవ్వదు. గంత గర్వం!"

"దొరసానీ," అన్నాడు భోజన్న.

పిల్లి కళ్లు తెరిచింది. మంచం దిగి వచ్చి, అతని పాదాలు వాసన చూసింది. తలను అతని పిక్కకు ఆనించి ఒకసారి గట్టిగా రుద్దింది. అతను వంగి చెయ్యి చాచేలోపల వెనక్కి తిరిగి, మంచమెక్కి, ముసలామె ఒళ్లో ముడుచుకుంది.

మహబూబీ బుట్టను చూసింది.

"తీస్కపోనీకి వచ్చినవా? తీస్కపో బేటా. నా పీడ పోతది."

ఆమె చెయ్యి మాత్రం పిల్లి వీపు మీంచి లేవలేదు. ఆ మాటకు అర్థం ఏమిటో భోజన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పదిహేను రోజులుగా ఆ మాటే చెప్పుకుంటూ పస్తులున్న మనిషి అతను. ఇప్పుడు దీన్ని ఎత్తుకుపోతే, రేపు ఈ ముసలామె పాల గిన్నె ముందు ఎట్లా కూర్చుంటుందో అతనికి కళ్లకు కట్టింది. అటువంటి బాధ ఎంత ఉంటుందో తెలియని రోజుల్లో అయితే తీసుకుపోయేవాడే.

"లేదమ్మా. సూసి పోదామని వచ్చిన."

"మరి బుట్ట?"

"బెల్లం కోసం."

ముసలామె అతని ముఖంలోకి చూసింది. "గింత పావురం, గింత ప్రేమ ఉన్నోనివి, ఎందుకు తోలినవ్ దీన్ని?"

"నా మనుమనికి దమ్ము లేస్తుంటది. దీని వల్లనే అనుకున్నం. కాదట."

"మరి దేని వల్లనట?"

భోజన్న గోడ వైపు చూశాడు. నేల వైపు చూశాడు. తన గోళ్ల సందుల్లో ఇరుక్కున్న పచ్చటి మట్టిని చూశాడు.

"నా పసుపు వల్ల," అన్నాడు. 

తన ఇంట్లో కోడలు చెబితే ఒప్పుకోని మాటను, పరాయి ఇంట్లో తన నోటితో తానే అన్నాడు. అన్నాక ఇంకేమీ దాచుకోవాలనిపించలేదు. ముసలామె ముందే ఏడ్చాడు. ఆమె నవ్వలేదు. "ఏడువు బేటా, ఏడువు. ప్రాణమున్న దాని కోసం ఏడిస్తే సిగ్గేంది?" అంది.

* * *

అతను ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతోంది. వాకిట్లో గూడున్న కచ్చడం ఎడ్లబండి కట్టి ఉంది. బండిలో గోదావరి పెట్టె, పిల్లవాడి బొంత ఉన్నాయి. గంగమణి గడప పక్కన కూర్చుని ముక్కు చీదుకుంటోంది.

"ఏందిది?"

"నన్ను అడుగుతవేంది? నీ కోడల్నే అడుగు. ఇప్పుడు మాట్లాడుతుంది గదా నీతోటి."

గోదావరి పిల్లవాణ్ణి ఎత్తుకుని ఎదురుగా వచ్చింది. "పుట్టింటికి పోతున్న మామా. పసుపు అమ్ముడుపోయేదాంక. పోరనికి ఊపిరాడాలె గదా."

"ఎన్నొద్దులు?"

"ఈ ఏడు పోతే మళ్లొచ్చే ఏడు గూడ పసుపే గదా మామా."

ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి భోజన్నకు కొంచెం సేపు పట్టింది. ఈలోగా గంగమణి ఆత్రంగా బుట్ట మూత తీసింది. లోపల బెల్లం అచ్చు ఉంది.

"దొరసాని ఏది?"

"అది మంచిగనే ఉంది. మంచిగ లేనిది నేనే."

అతను బండి చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. భార్య చూస్తోంది, కోడలు చూస్తోంది, బండివాడు చూస్తున్నాడు. తువ్వాలు ఎక్కడుందో వెతుక్కోకుండానే ఏడ్చాడు. "తప్పు సెయ్యని దాన్ని సంచిల కట్టి తోలిన్నే. మూగజీవి, ఏం సెప్పుకుంటది? దానికి నేనేం జవాబు సెప్పాలె? ఇప్పుడు వీన్ని గూడ బండెక్కిస్తే నేను బతుకుతనా?"  పాతికేళ్లకు పైగా కాపురంలో గంగమణి అతన్ని అట్లా చూడలేదు.

ఏడుపు తగ్గాక లేచాడు. ముఖం తుడుచుకున్నాడు. బండిలోని పెట్టెను దించి కింద పెట్టాడు.

"ఈ ఇంట్లకెల్లి ఇంకెవలు పోరు. పోతే గదే పోవాలె."

నడింట్లోకి పోయి, గోడ పక్క పేర్చిన పసుపు బస్తాల్లో పైదాన్ని వీపు మీదికి లాక్కున్నాడు. పొలంలో కొట్టం వేసి, పసుపంతా అక్కడే ఉంచుతాడట. డ్రమ్మూ అక్కడికే పోవాలట. అన్నీ ఇప్పుడే, ఈ క్షణాన్నే.

గంగమణి ఒక్క ఉదుటున లేచి గడప మీద నిలబడింది. రెండు చేతులూ దర్వాజకు అడ్డం చాచింది.

"శుక్రారం పూట, దీపం పెట్టే యాల్ల, లక్ష్మిని ఇంట్లకెల్లి ఎల్లగొడ్తవా? నేను బతికుండంగనా?"

"జరుగు."

"జరగ. రేపు పొద్దుగాల నీ ఇష్టం. ఇయ్యాల కాదు."

"రేపటిదాంక వీనికి దమ్ము ఆగుతదా? జరుగు గంగమణీ."

"నన్ను తొక్కి పో."

భోజన్న బస్తాను ఇంకోసారి వీపు మీదికి ఎగదోసుకున్నాడు. ఆమె కళ్లలో కోపం లేదు, భయం ఉంది. పెళ్లయి ఆ గడప తొక్కిన నాటి నుంచి శుక్రవారం చిటికెడు పసుపైనా బయటికి పోనివ్వని మనిషి ఆమె.

గోదావరి దగ్గరికొచ్చి, అడ్డంగా చాచిన అత్త చేతుల్లో పిల్లవాణ్ణి పెట్టింది. పట్టుకోక తప్పలేదు గంగమణికి. ఆ తర్వాత గోదావరి అత్త పక్క నుంచి ఒదిగి లోపలికి పోయి, మామ వీపు మీంచి జారుతున్న బస్తాకు కింద చెయ్యి వేసింది.

పిల్లవాడి ఛాతీ నానమ్మ ఛాతీకి ఆనింది. లోపలి ఈల ఆమె ఎముకల్లోకి వినిపిస్తోంది. గంగమణి మనవణ్ణి చూసింది, బస్తాను చూసింది. గడప మీంచి మాత్రం ఇంకా కదల్లేదు.